కవ్వం మాట

మామా,

నువ్వు పోయి ఏడాది నిండింది. పొద్దున నీ సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలు భోజనాలు చేసి జమ్మలమడుగు బస్సెక్కారు. సాయంత్రం నీ చెల్లెలు రమణమ్మ హైస్కూలు పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుంది.

"వదినా, 'లిసన్ మీ' అని రాస్తే అయ్యవారు తప్పు పెట్టినాడు. ఏంది తప్పు?"

నేను చదివింది ఐదో తరగతే. అయినా నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని నేర్పింది గుర్తుంది. "లిసన్ తర్వాత టూ రావాల. లిసన్ టూ మీ" అన్నాను మెల్లగా. అత్త వింటుందేమోనని భయం. నువ్వు నేర్పే రోజుల్లో "పెండ్లాన్ని కలెక్టరును చేస్తాండావా?" అని ఎగతాళి చేసేది కదా.

"టూ ఎందుకు వదినా?"

వాకిట్లో వేరుశనగ కాయలు ఒలుస్తున్న అత్త తలెత్తకుండానే అందుకుంది.

"కవ్వం లేకుండా మజ్జిగ చిలుకుతామా? లిసన్‌కు టూ అట్లనే. వాడు రోజూ చెప్తాంటే నువ్వు యాడ చూస్తాంటివి మే?"

అచ్చం నీ మాటే. నీలాగే సాగదీసి చెప్పింది.

నేను నిన్నే చూస్తూ కూర్చునేదాన్ని, మామా. ఆ మాట అత్తకు ఎట్లా చెప్పేది?