లాబ్‌లో ఇచ్చింది నా నంబర్

ఏవండీ, ఫోన్ మర్చిపోయి వెళ్ళారు. ఇల్లంతా వెతక్కండి, ఆపేసి కుట్టుమిషన్ సొరుగులో పెట్టాను. తీసినా సరే, పొద్దున వచ్చిన మెసేజ్‌లో ఆ నీలం అక్షరాల మీద మాత్రం వేలు పెట్టకండి.

"మీ రక్తపరీక్షలో ప్రమాదకరమైన తేడా ఉంది, గంటలోగా ఇది నొక్కి వివరాలు నింపండి" అని ఉంది. చదవగానే నేనే నొక్కబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, వెల్డింగ్ మోతలో మీకు ఫోన్ వినపడదని, మొన్న మీ రక్తపరీక్షకి లాబ్‌లో నా నంబర్ ఇచ్చాం కదా. మీ ఫోన్‌కి వచ్చిందంటేనే అది దొంగది. అందులో మీ పేరు కూడా లేదు. వందమందికి పంపితే ఎవరో ఒకరు పరీక్ష చేయించుకునే ఉంటారని వాడి ధీమా.

మీరసలే ఎవరేమడిగినా చెప్పేసే మనిషి. పోయిన నెల ఉచిత కంటిపరీక్ష అనగానే పుట్టినతేదీతో సహా అప్పజెప్పారు. నేను అరిస్తే రెండు రోజులు మాట్లాడలేదు. ఈసారీ అలిగితే అలగండి గానీ నొక్కకండి.

వంట చేసి మూతపెట్టాను. వేడి చేసుకుని తినండి. నేను బేకరీకి వెళ్తున్నాను.

కింద చోటు లేక పక్కన రాస్తున్నాను. బేకరీకి కాదు, లాబ్‌కి వెళ్తున్నాను. ఇప్పుడే అక్కడి అమ్మాయి నాకు ఫోన్ చేసింది. రిపోర్ట్ ఫోన్‌లో చెప్పకూడదట, ఇంట్లోవాళ్ళు ఎవరైనా వెంటనే రావాలట. ఆ దొంగ మెసేజ్ అన్నీ చెప్పేసింది, ఈ అమ్మాయి ఏమీ చెప్పలేదు. రసీదు మీద నంబర్‌తో రెండుసార్లు పోల్చి చూశాను. వాళ్ళదేనండీ.