నార్మండీ ప్రభువుకు నేను వేసిన ఈల

గురువారం రాత్రి, ఎష్‌బోర్న్, జర్మనీ

రేపు క్లాసులో చెప్పాల్సిన చరిత్ర పాఠాన్ని సాయంత్రం శ్రీజ నాకు వినిపించింది. మధ్యయుగాల నార్మండీలో ఒక పెద్ద ప్రభువు, రాజుకు స్వయానా అల్లుడు. ఒక కోట కోసం ఆ మామ మీదికే తిరగబడతానన్నాడట. నా కూతురు అలా చెప్పగానే సినిమా హాల్లో ఉన్నట్టు ఈల వేశాను.

"హీరో అంటే గట్లుండాలె బిడ్డా!"

"నైన్, కాదు డాడీ, ఇంకా అయిపోలే."

మాట తప్పకుండా ఇరువైపుల నుంచీ పిల్లల్ని పూచీగా ఇచ్చుకున్నారట. కోటను చూసుకునే అధికారి కొడుకును ప్రభువుకు, ప్రభువు కూతుళ్ళిద్దరినీ రాజుకు. ప్రభువు కోపంలో ఆ పిల్లవాడి కళ్ళు తీయించాడు. వెంటనే రాజు అమ్మాయిలిద్దరినీ ఆ పిల్లవాడి తండ్రికి అప్పగించాడు. వాళ్ళ కళ్ళూ పోయాయి. అప్పగించినవాడు వాళ్ళ సొంత తాత!

"ఆ పిల్లల పేర్లేంది బిడ్డా?" అన్నాను.

"బుక్‌లో లేవు డాడీ. వాళ్ళ డాడీ పేరు మాత్రం ప్రతి పేజీలో ఉంది."

మేనేజర్ మీద మండిపడి మొన్న రాసిన రాజీనామా ఉత్తరాన్ని రేపు పొద్దున పంపాలనుకున్నాను. నా ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు, దాని వెనకే శ్రీజ వీసా, ఆమె బడి...

ఇందాక ఆ ఉత్తరం తెరిచి మళ్ళీ చదివాను. పరువు అనే మాట మూడుసార్లు ఉంది, మేనేజర్ పేరు ఐదుసార్లు. శ్రీజ పేరు కోసం చివరిదాకా వెతికాను.