పెట్టలన్నీ ఓబమ్మకే

నిడుగల్లులో ఉండే మా అక్కకు చెల్లెలు మొక్కి రాయించినది. ఇక్కడ అందరూ బాగున్నారు, నేను తప్ప.

మా అత్త పన్నెండు కోడిపిల్లలను నాకూ, నా తోడికోడలు ఓబమ్మకూ పంచింది. పెద్దకోడలినని నన్నే ముందు ఏరుకోమంది. లావు కాళ్లతో, నెత్తిన ఎర్రగా జుట్టు లేచిన ఆరింటిని, బలంగా ఉన్నాయని ఏరుకున్నాను. ఓబమ్మ మిగిలిన బక్కవాటిని బుట్టలో వేసుకుంది. ఇప్పుడు నావి ఆరూ కూస్తున్నాయి. ఆమెవి ఆరూ గుడ్లు పెడుతున్నాయి.

"మా ఓబమ్మ కండ్లే కండ్లప్పా! ఈకలు చూసి ఏది పెట్టో ఏది పుంజో చెప్పేస్తాది" అని అత్త వీధంతా చాటుతోంది. నా గింజలు తిన్న పుంజులు కూడా పొద్దస్తమానం ఆమె వాకిట్లోనే ఉంటాయి.

ఆ గుర్తులు అమ్మ నీకే నేర్పింది, నాకు నేర్పలేదు. ఆ మాట ఇప్పుడు ఎత్తను. కోడి మళ్లీ పిల్లలను లేపింది. దసరాకు అత్త వాటిని పంచుతుంది. ఆలోగా నువ్వే వచ్చి నా చెవిలో చెప్పు. జవాబు మాత్రం రాయవద్దు. ఇది హొసకోట సంతలో బడి మేష్ట్రు చేత రాయించాను గాని, మా ఇంటికి వచ్చే ఉత్తరాలు చదివి వినిపించేది ఓబమ్మే.