కండువా తగిలినా

బాబాయిగారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ రిమోట్ విమానం అటక దిగింది.

ఆ రోజు గన్నవరం అక్విడెక్టు పక్క కోసిన చేలో, మెడలో వేలాడే రిమోట్ మీది వేగం పుల్లకి మీ కండువా తగిలి, విమానం ముక్కున ఉన్న పంకా తిరిగి, మీ వేలు తెగిందిగా. అప్పటినుంచీ పిన్ని దాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు.

కొత్త రిమోట్‌లో నేను థ్రాటిల్ కట్ పెట్టాను. ఆ స్విచ్ వేస్తే పుల్ల ఎంత తోసినా మోటారు తిరగదు. పంకా విప్పేసి, స్విచ్ వేసి, పుల్ల తోసి పిన్నికి చూపించాను.

"నువ్వు తోస్తే ఏం తెలుస్తుందే? ఆయన కండువా తగిలించి చూడు" అని బీరువాలోంచి తెచ్చింది.

కండువా అంచుతో పుల్లని పైకంటా లాగాను. మోటారు కిక్కురుమనలేదు.

బ్యాటరీ తీసి పంకా బిగించాను. పిన్ని కండువా మడతపెట్టలేదు. భుజాన వేసుకుని, విమానం తనే పట్టుకుని, చేనువైపు నాకంటే ముందు నడిచింది.