చంపే మందు

2025 ఏప్రిల్ 13, ఆదివారం

ఆదోనిలో మా షడ్డకుడు దేవేంద్రప్ప ఇంటికి పోయి వచ్చాం. వాడు పళ్ళు కట్టించుకున్నాడు. పైవరస, కిందివరస రెండూ. నవ్వాల్సిన పని లేని చోట కూడా నవ్వుతున్నాడు.

షేర్ల డబ్బంట. మందుగుండు కంపెనీలో కొన్నాడంట. తుపాకీ గుండ్లు చేసే కంపెనీ. "లోకంలో యాడ కొట్లాట జరిగినా నాకు మంచిదేన్నా" అని నా తొడ మీద చరిచాడు. నా భార్య హులిగమ్మ తన చెల్లెలి మొగుణ్ణి నోరు తెరుచుకుని చూస్తూ కూర్చుంది.

జొన్నరొట్టె వాడు కరకర కొరికాడు. నేను పప్పులో నానబెట్టుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

బస్సులో హులిగమ్మ అడిగింది. దేవేంద్రప్ప గూడా నీ మాదిరే అయిదో తరగతి గదా, మరి వానికెట్ల తెలిసె అని. నాకు జవాబులు ఎప్పుడూ బస్సు దిగినాకే వస్తాయి.

ఏప్రిల్ 16

వాని పళ్ళు కలలోకి వచ్చాయి.

ఏప్రిల్ 21

చెప్పులు కొనాలని చెప్పి ఎమ్మిగనూరు పోయాను. ఫక్రుద్దీన్ ఆన్‌లైన్ సెంటర్‌కు. పత్తి జిన్నింగ్ మిల్లులో కలిసి పనిచేసిన దోస్తు. ఇప్పుడు సెంటర్ నడిపేది కూతురు యాస్మిన్. ఇతను ఊరికే పక్కన కూర్చుంటాడు. కొడుకు ఉమేర్ ఆర్మీలో ఉన్నాడు, జమ్మూ వైపు. గోడ మీద యూనిఫాంలో ఫొటో.

షేర్లు కావాలన్నాను. ఏ కంపెనీ చాచా అని యాస్మిన్ అడిగింది. గుండ్ల కంపెనీ అనాలి. ఎదురుగా ఫక్రుద్దీన్. తల మీద ఒక్క వెంట్రుక లేదు. మిల్లులో ఎవరైనా గుండు అని పిలిస్తే కొట్టడానికి పోయేవాడు. నాకు నోరు రాలేదు. మందు కంపెనీ అన్నాను.

జ్వరం మందా అన్నది. "కాదమ్మా. సంపే మందు."

ఆ పిల్ల నవ్వింది. "ఓ, అదా! మంచి కంపెనీ ఉంది చాచా" అన్నది.

పత్తి అమ్మిన డబ్బులో కొంత పెట్టాను. అకౌంట్ తెరిచింది, ఫోన్‌లో యాప్ వేసి ఇచ్చింది. అంతా ఇంగ్లీషు. ఆకుపచ్చ అయితే పెరిగినట్టు, ఎరుపు అయితే తగ్గినట్టు అని నేర్పింది. అది చాలు.

హులిగమ్మకు చెప్పలేదు. పెరిగినాక చెబుతాను. పళ్ళు కట్టించుకుని, నవ్వి, అప్పుడు చెబుతాను.

చెప్పులేవి అని అడిగింది. సైజు లేదన్నాను.

మే 2

ఎరుపు.

మే 7, బుధవారం

టీకొట్టు టీవీలో యుద్ధం. రాత్రి మనవాళ్ళు బాంబులు వేశారంట. అందరూ నిలబడి చూస్తున్నారు. నేను ఖాళీ గ్లాసునే మళ్ళీ నోటికి పెట్టుకున్నాను. భయం అనుకుని పక్కవాడు భుజం తట్టాడు. భయం కాదు.

మధ్యాహ్నం హులిగమ్మకు చెల్లెలు నాగవేణి ఫోన్ చేసింది. వాళ్ళాయన షేరు లేచిందంట. నాకు వినపడాలని హులిగమ్మ స్పీకర్ పెట్టింది.

పెరట్లోకి పోయి నా ఫోన్ చూసుకున్నాను. కదలలేదు. ఎండకు సరిగ్గా కనపడలేదేమో అని నీడకు పోయి చూశాను.

మే 9

ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టాను. ఇంకో పదిరోజులు జరగాలని మొక్కాను. ఏది జరగాలో నోటితో అనలేదు. ఆయనకు తెలుసు.

మే 10, సాయంత్రం

ఆపేశారంట. టీకొట్టులో చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. తర్వాత దేవేంద్రప్ప ముఖం తలుచుకుంటే కొంచెం హాయిగా అనిపించింది.

మే 13

యుద్ధం ఆగింది. వాని షేరు ఆగలేదు. ఇంకా పైకే పోతోంది. "కాల్చిన గుండ్లు మల్లా నింపల్ల గదన్నా" అని ఫోన్‌లో నవ్వాడు. ఆ పళ్ళు నాకు వినిపించాయి.

మే 14

గట్టిగా అడగాలని ఎమ్మిగనూరు పోయాను. నేను వాకిట్లో ఉండగానే ఫక్రుద్దీన్ లేచి వచ్చి వాటేసుకున్నాడు. ఉమేర్ ఫోన్ చేశాడంట. యుద్ధం మొదలైనప్పటి నుంచి మాట లేదంట. ఇంట్లో పొయ్యి వెలిగించలేదంట. నా నోట్లో పాలకోవా పెట్టాడు. "తిక్కయ్యా, నువ్వు గూడా యా దేవునికో మొక్కింటావులే. అందరి మొక్కులూ పనిచేసినాయప్పా" అన్నాడు.

మెత్తటి కోవా. పళ్ళతో పనే లేదు. అయినా చాలాసేపు నములుతూనే ఉన్నాను.

యాస్మిన్‌ను మెల్లగా అడిగాను, నాది ఎందుకు కదలదు అని.

"ఇప్పుడెట్ల కదుల్తాది చాచా? వానల్యా, పైరుల్యా. పత్తికి పురుగు పడనీ, అప్పుడు సూడు. పురుగుమందుల కంపెనీ గదా!"

నేను ఆ పిల్లను చూశాను. గోడ మీద ఉమేర్‌ను చూశాను. నువ్వడిగింది ఇదే గదా, ఇంకేం మందనుకుంటివి అన్నది.

ఇదేనమ్మా అన్నాను.

జూన్ 19

పత్తి విత్తాం.

సెప్టెంబర్ 14

దేవేంద్రప్ప, నాగవేణి వచ్చారు. వాడు మా చేనులో అటూ ఇటూ తిరిగాడు. వానికి చేను లేదు, ఎప్పుడో అమ్ముకున్నాడు. "ఈ తూరి నీదేన్నా. ఇట్లాంటి కాయ నేను సూడల్యా" అన్నాడు. నవ్వలేదు. పళ్ళు కనపడకుండా అన్నాడు.

హులిగమ్మ నన్ను చూసింది. పెళ్ళైన కొత్తలో అట్లా చూసేది. వాళ్ళు పోయినాక, ఎవరూ అడగకుండానే నా రొట్టెను పాలలో నానబెట్టి ఇచ్చింది.

షేరు తీసేయాలి. రేపు యాస్మిన్‌కు చెబుతాను.

సెప్టెంబర్ 15

చెప్పలేదు. ఆకుపచ్చగా ఉంది.

అక్టోబర్ 3

చేనులో ఉండగా యాస్మిన్ ఫోన్ చేసింది. "చాచా, నీ మందు లేసింది!" అని అరిచింది. ఇంకో చేతిలో అప్పుడే చీల్చిన కాయ ఉంది. లోపల గులాబీ పురుగు. పక్క చెట్టుది చీల్చాను. అందులోనూ ఉంది.

ఏమిటికి నవ్వుతాండావు అని గట్టు మీద నుంచి హులిగమ్మ అడిగింది.

నవ్వుతున్నానని నాకు తెలియదు.