పుట్టపర్తి హోటల్లో నీ వాటా

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు దినామూ సైకిలు మీద టమోటాలు తెచ్చి వేసిన ఇటలీ హోటలుకు ఇవాళ వెళ్లాను. నువ్వు ఏనాడూ దాని పెరటి వాకిలి దాటలేదు. మెడలో లింగం ఉన్నవాళ్లం, మాంసం ముట్టనివాళ్లం, తెల్లవాళ్ల వంటలో ఏ మాంసం కలుస్తుందోనని నీ భయం. నాకూ భయమేసి, పిజ్జాలో ఏమేస్తారని వంటాయన్ను అడిగాను.

"ఈడ కోడిగుడ్డు గూడా రానీమమ్మా" అని గోడ మీది బోర్డు చూపించాడు. అంతా ఇంగ్లీషు. నీకు చదివి చెప్పినవాళ్లు లేరు.

నేను ఎవరి కూతురినో చెప్పాను.

"మీ నాయనకు దినామూ పళ్లెం పెడతాంటిమి. ఇంట్లో తిని వచ్చినానప్పా అని నీళ్లు తాగి పోతాండె."

నిరుటి కరువులో, పొద్దున్నే కుండలో ఉన్న కాస్త సంగటీ మా ముందుకు జరిపి, "నాకు హోటల్లో పెడతారు, మీరు తినండి" అనేవాడివి. మేము నమ్మి తినేవాళ్లం. బుక్కపట్నం దారిలో నువ్వు సైకిలు మీది నుంచి పడి ప్రాణం వదిలితే, ఎండదెబ్బ అన్నారు. అదీ నమ్మాం.

పిజ్జా వచ్చింది. సగమే తిన్నాను నాయనా. ఇన్నాళ్లకు నీ వాటా వదిలిపెట్టాను.