నాకు పోసింది తట్టు కాదట

ఏవండీ,

పాప లేవగానే సీసాలో పాలు కలిపి పట్టండి. మూత గట్టిగా బిగించండి, మీరెప్పుడూ వదులుగా పెడతారు. నేను టీకా వేయించుకోవడానికి క్లినిక్‌కి వెళ్తున్నాను.

నిన్న నేను పనిలో ఉండగా మా క్రెష్‌లో ఒక పిల్లాడికి తట్టు అని తేలింది కదా. రక్తపరీక్ష చేయించుకోమని మీరంటే, "నాకు చిన్నప్పుడే పోసింది, సూదంటే భయం మీకే" అని వెక్కిరించి, మీ ముందే పాపని ముద్దాడాను. పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. "నీకు పోసింది ఆటలమ్మేనే, తట్టు పోసింది అక్కకి" అంది. పాపకి ఇంకా ఆ టీకా వేసే వయసే రాలేదు.

క్లినిక్‌కి ఫోన్ చేస్తే నర్సు, "పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకండి. ఒంట్లో రక్షణ ఉన్నా ఇంకో డోసుతో నష్టమేం లేదు, వెంటనే వచ్చేయండి" అంది. మిమ్మల్ని లేపకుండానే వెళ్తున్నాను. లేపితే మీ మొహం చూడాలి కదా.

డాక్టరుగారు సరే అనేదాకా పాపని ఎత్తుకోను.

మర్చిపోయాను, పాప ఏడిస్తే నా శాలువా కప్పండి. బీరువాలో ఉన్నదే, ఉతికింది. దానికి నా వాసన ఉండదు. అయినా కప్పండి.